అన్నిటికీ ఒకటే పీక్: నా ఎలక్ట్రిక్ స్కూటర్‌తో రెండున్నరేళ్లు

నా ఎలక్ట్రిక్ స్కూటర్ మొన్నటితో 26,000 కిలోమీటర్లు దాటింది. విశాఖలో పెదవాల్తేరు నుంచి గాజువాక, మళ్లీ ఇంటికి, రోజూ దాదాపు 35 కిలోమీటర్లు. పికప్ బాగుంటుంది, నడపడం సుఖం. కొత్తలో ఎకో మోడ్‌లో (కరెంటు పొదుపుగా వాడే పద్ధతిలో) ఒక్క చార్జింగ్‌కి 95 కిలోమీటర్ల దాకా వచ్చేది, ఇప్పుడు 85 దగ్గర ఆగుతోంది. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నేను రాయాలనుకున్నది దాని అరుపుల గురించి.

పెట్రోలు బండికి ఏదైనా తేడా వస్తే చెవికి తెలిసిపోతుంది. ఇంజిన్ కొట్టుకుంటుంది, సైలెన్సర్ పగిలిన డప్పులా మోగుతుంది. దీనికి ఉన్నది ఒక్క బజర్. స్టాండు దిగి ఉన్నా, బ్రేకు స్విచ్ ఇరుక్కున్నా, మోటారు వేడెక్కినా అదే పీక్, పీక్. పసిపిల్ల ఆకలేసినా జ్వరమొచ్చినా ఒకేలా ఏడుస్తుంది చూడండి, అలా. పాలు పట్టి ఎంతసేపైందో గుర్తుంటే తల్లికి ఆ ఏడుపు అర్థమవుతుంది. నేను ఏడాది తిప్పలు పడ్డాక ఈ బండి దగ్గర నేర్చుకున్నదీ అదే. మోగినప్పుడు ఏం చేస్తున్నాను, ఎండా వానా, చార్జింగ్ ఎంత ఉంది, స్క్రీన్ మీద ఏ గుర్తు వెలిగింది అని చూసుకుంటే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

మొదటి దెబ్బ మద్దిలపాలెం జంక్షన్‌లో తగిలింది. సిగ్నల్ పడింది, యాక్సిలరేటర్ తిప్పాను, మూడు పీకులు, మోటారు కట్. వెనక సిటీ బస్సు హారన్. తోసుకుంటూ పక్కకి వెళ్లి ఆపి ఆన్ చేస్తే మామూలుగా పోయింది. వారంలో నాలుగు సార్లు ఇదే వరస. సర్వీసు సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూసి సైడ్ స్టాండ్ సెన్సార్ పోయిందన్నారు, 1,450 రూపాయలు తీసుకుని మార్చారు. ఇరవై రోజులు బాగుంది. మళ్లీ పీక్.

కంచరపాలెంలో పాత స్కూటర్లు చేసే ఒకాయన దగ్గర ఆపాను. ఎలక్ట్రిక్ బండి ముట్టుకోనంటాడేమో అనుకున్నా. ఆయన కంప్యూటరేమీ తీయలేదు. కింద కూర్చుని బొటనవేలితో స్టాండుని పైకి నొక్కి వదిలాడు. అగ్గిపుల్ల మందం కిందికి జారింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ జారింది. "సెన్సార్‌కేటీ అవలేదు సార్. స్ప్రింగు పట్టు వదిలేసింది, ఇక్కడ ఇసక చూడండి" అన్నాడు. స్టాండులో చిన్న అయస్కాంతం ఉంటుంది. స్టాండు పూర్తిగా పైకెళ్తేనే అది సెన్సార్‌కి ఎదురుగా వస్తుంది. కాస్త జారినా బండి దృష్టిలో స్టాండు దిగినట్టే, మోటారు ఆగిపోతుంది. అందుకే గతుకుల్లో, సిగ్నల్ దగ్గర కుదుపుకీ మోగేది. ఆ కీలుకి ఇసక, తుప్పు పట్టి ఉన్నాయి. మా ఇంటికి సముద్రం కూతవేటు దూరం. వరండా గ్రిల్‌కే ఏటా రంగు వేయిస్తాం, స్టాండు కీలుకి మాత్రం ఉప్పుగాలి తగలదా? తుడిచి, నూనె చుక్క వేసి, కొత్త స్ప్రింగు బిగించాడు. 120 రూపాయలు. తర్వాత ఆ పీక్ రాలేదు. నెలకోసారి నేనే తుడుచుకుంటున్నాను.

బ్రేకు స్విచ్‌దీ ఇంచుమించు ఇదే కథ. వానాకాలంలో లివర్ కింద ఉండే చిన్న స్విచ్ తడిసి ఇరుక్కుంటే, బ్రేకు పట్టుకునే ఉన్నామని బండి అనుకుంటుంది, యాక్సిలరేటర్‌కి పలకదు. దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. రాత్రిపూట బండి వెనకభాగాన్ని తెల్లగోడకి దగ్గరగా పెట్టి ఆన్ చేయండి. బ్రేకు వదిలాక కూడా గోడ మీద ఎర్రటి వెలుగు తగ్గకుండా, పట్టుకున్నప్పటిలాగే ఉంటే స్విచ్ ఇరుక్కున్నట్టే. ఒక్కో లివర్‌నీ నాలుగైదు సార్లు లాగి వదిలితే ఏ వైపుదో తెలుస్తుంది.

ఇక సింహాచలం ఘాట్. మే నెల, మధ్యాహ్నం, వెనక మా ఆవిడ, స్పోర్ట్ మోడ్. సగం ఎక్కేసరికి పీక్ మొదలై స్పీడు పడిపోయింది. టెన్షన్ పడ్డాను గానీ అది రోగం కాదు. మోటారు, దానికి కరెంటు అందించే కంట్రోలర్ వేడెక్కితే బండి తనంతట తనే కరెంటు తగ్గించుకుంటుంది. చెట్టు నీడన పదిహేను నిమిషాలు ఆగాం, తగ్గింది. అప్పట్నుంచి కొండ ఎకో మోడ్‌లోనే ఎక్కుతున్నాను.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది వేరే. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లి మూడు వారాలకి తిరిగొచ్చాం. బండి ఆన్ చేస్తే స్క్రీన్ వెలిగి ఆరుతోంది, లోపల టిక్ టిక్ శబ్దం, ఒకదాని మీద ఒకటి పొంతన లేని హెచ్చరికలు. పెద్ద బ్యాటరీలో చార్జింగ్ 60 శాతం ఉంది. ఇంకేముంది, కంట్రోలర్ పోయింది, వేలకి వేలు వదులుతాయి అనుకున్నాను. మా తమ్ముడు మల్టీమీటర్ తెచ్చి సీటు కింద ఉన్న చిన్న 12 వోల్టుల బ్యాటరీకి పెట్టాడు. 10.8. "అన్నయ్యా, దీని ప్రాణం పోయింది, పెద్దదానికేం కాలేదు" అన్నాడు.

అన్ని బండ్లలోనూ ఈ చిన్న బ్యాటరీ ఉండదు, నాదాంట్లో ఉంది. స్క్రీన్, లాక్, అలారం అన్నీ దాని మీదే నడుస్తాయి. బండి ఆపి ఉంచినా అలారం కొద్దికొద్దిగా దాన్ని తాగుతూనే ఉంటుంది. అది నీరసిస్తే లోపలి భాగాలకి సరైన వోల్టేజీ అందక, లేని తప్పులన్నీ చూపిస్తుంది. 1,100 పెట్టి కొత్తది వేస్తే హెచ్చరికలన్నీ ఒక్కసారే మాయం. ఒకేసారి నాలుగు రకాల లోపాలు కనిపిస్తే ముందు ఈ బ్యాటరీ చూపించండి. కంపెనీ పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా సరిగా లేదు, దానికి మాత్రం నాకు కోపమే.

చార్జింగ్ పెట్టగానే మోగితే రెండు చోట్ల చూసుకోండి. ఒకటి ఎర్తింగ్. మా సెల్లార్‌లో ప్లగ్గుకి మూడో కన్నం ఉందే గానీ దాని వెనక వైరు లేదు, ఎలక్ట్రీషియన్ విప్పి చూపించేదాకా తెలీలేదు. రెండోది వేడి. ఎండలో గాజువాక నుంచి వచ్చి వెంటనే ప్లగ్ పెడితే మోగుతుంది. గంట ఆగి పెడితే నోరెత్తదు.

ఒక్క అరుపు దగ్గర మాత్రం ఈ పరీక్షలేవీ చేయకూడదు. బండి ఆగి ఉన్నప్పుడు గానీ, చార్జింగ్‌లో గానీ ఆపకుండా మోగుతూ, స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగినా, వాసన గానీ పొగ గానీ వచ్చినా, సీటు ఎత్తి చూడొద్దు. అందర్నీ దూరంగా పంపి ఫైర్ వాళ్లకి ఫోన్ చేయాలి. 2022లో దేశంలో వరసగా స్కూటర్లు కాలిపోయాక బ్యాటరీ భద్రతకి సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలు గట్టి చేశారు. బ్యాటరీ లోపల ప్రమాదకరంగా వేడి పుడితే ముందే శబ్దంతో, లైటుతో చెప్పాలన్నది అందులో ఒకటి. ఆ ఏడాది ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. పడగ్గదిలో చార్జింగ్ పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకరున్నారు.

అపార్ట్‌మెంట్ అంటే గుర్తొచ్చింది, దొంగల అలారం. పాల ప్యాకెట్ల కుర్రాడి బండి పక్కన ఆగినా మోగేది, దీపావళికైతే చెప్పక్కర్లేదు. కింద ఫ్లాట్ మాస్టారు ఒక పొద్దున్న మెట్ల దగ్గర ఆపి, "ఏమండీ, మా ఇంట్లో అలారం గడియారం తీసేశాం, మీ బండి చాలు" అన్నారు. సిగ్గేసింది. కంచరపాలెం ఆయన్ని అడిగితే, "బజర్ వైరు పీకేద్దునా సార్, రెండు నిమిషాల పని" అన్నాడు. కానీ బ్యాటరీ వేడెక్కితే అరవాల్సిందీ ఆ బజరే. వద్దన్నాను. యాప్‌లో కదలిక సెన్సార్‌ని కింది స్థాయికి మార్చి, సైడ్ స్టాండు మాని సెంటర్ స్టాండు వేస్తున్నాను. ఈ నెలలో రెండే సార్లు మోగింది, ఒకసారి పిల్లి.