కారు సొట్టలకి టూకే పుట్టీ: ఏళ్ల తరబడి వాడాక, బుడమేరు నీళ్లలో నానాక కూడా

పుట్టీ పెట్టిన బండి అనగానే మనవాళ్లు మొహం అదోలా పెడతారు, సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడైతే మరీ. నేను మాత్రం మా పాత వ్యాగన్ఆర్ మీద టూకే పుట్టీ, అదే హార్డెనర్ కలిపి పెట్టే పాలిస్టర్ పుట్టీ, చాలా ఏళ్లుగా నా చేత్తో నేనే పెట్టుకుంటున్నా. సరుకు మంచిదండి. దాన్ని చెడగొట్టేది కింద మిగిలిపోయిన తుప్పు, పైన ప్రైమర్ కొట్టకుండా వదిలేయడం, ముఖ్యంగా ఈ రెండే.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బండి కూడా డోర్ల దాకా నీళ్లలో రోజుల తరబడి అలానే ఉండిపోయింది. అప్పటికి ముందు డోర్ కింద నేను పెట్టిన ప్యాచ్ ఒకటి ఉంది, వెనక వీల్ ఆర్చ్ (చక్రం పైన వంపు తిరిగిన రేకు) మీద ఒక షెడ్డులో డబ్బులిచ్చి చేయించింది ఇంకోటి ఉంది. నీళ్లు తీశాక కొన్ని నెలలకి వీల్ ఆర్చ్ దగ్గర పెయింట్ బుడగలు బుడగలుగా లేచింది, స్క్రూడ్రైవర్ మొనతో గీకితే అరంగుళం మందాన పుట్టీ పెళ్ల ఊడి చేతిలోకొచ్చేసింది, దాని వెనకాల ఎర్రటి పొడి, కింద రేకు చూస్తే జల్లెడ. తుప్పు తీయకుండానే పూడ్చేశారన్నమాట. ఇక అంతవరకు రేకు కోయించి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాల్సొచ్చింది. డోర్ మీద ప్యాచ్ మాత్రం ఇప్పటికీ గోరు పెట్టి లాగినా అంచు ఎక్కడుందో తెలీదు.

ఈ పుట్టీలో రెజిన్‌తో పాటు టాల్కం పొడి బాగా ఉంటది, తేమ పీల్చుకుంటది. అందుకే రుద్దిన పుట్టీని ప్రైమర్ లేకుండా వానలో తిప్పొద్దు. చాలామంది పుట్టీ మీదే నీళ్లు కొట్టి వాటర్ పేపర్ రుద్దేస్తారు, నాకది అస్సలు నచ్చదు, పొడిగానే 80 నంబర్ గరుకు పేపర్‌తో మొదలుపెట్టి 180 నంబర్ నున్నటి పేపర్ దాకా వచ్చి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి ఆరాకే నీళ్లు ముట్టిస్తా. చేత్తో కాకుండా చెక్క ముక్కకి పేపర్ చుట్టి రుద్దండి, లేకపోతే పెయింట్ పడ్డాక ఎండలో అలలు కనపడతాయి.

సొట్టని ముందు లోపల నుంచి కొట్టి వీలైనంత పైకి తెచ్చుకోవాలి, పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా ఉంటే నిలబడిద్ది, పావు అంగుళం దాటితే పగుళ్లు చూడాల్సిందే. పెయింట్ అంతా తీసి రేకు మెరిసేదాకా రుద్ది థిన్నర్ గుడ్డతో తుడిచాకే పెట్టాలి.

మన బెజవాడలో అసలు కష్టమంతా ఎండతోనే. 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాముల హార్డెనర్ అనేది లెక్క, కానీ మే నెలలో ఆ లెక్కతో కలిపితే సగం పెట్టేలోపే పలక మీద బిగుసుకుపోద్ది. అందుకని పొద్దున్నే, రేకు చల్లగా ఉన్నప్పుడు, నీడలో, రెండు స్పూన్లంత కలుపుకుని పెట్టేస్తా, అయిపోతే మళ్లీ కలుపుకోవడమే. తొందరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ వేశారో, తెల్ల బండి అయితే కొత్త పెయింట్‌లోంచి మచ్చ పైకి తేలిద్ది. కలపడానికి అట్టముక్క వాడొద్దు, అది రెజిన్ పీల్చేస్తది, గాజు పలక బెస్ట్. గిలక్కొట్టకుండా పలకకేసి అదిమి మడతపెడుతూ కలిపితే గాలి చేరదు, సూది రంధ్రాలు తగ్గుతాయి, మిగిలినవాటికి ఎన్‌సీ పుట్టీ (హార్డెనర్ అక్కర్లేని నైట్రోసెల్యులోజ్ పుట్టీ) పల్చగా ఒక చెయ్యి, అంతకుమించి దాంతో సొట్టలు నింపొద్దు, కుంగిపోద్ది.

నాకు నచ్చనిది వాసన, దుమ్ము. మాస్క్ లేకుండా రుద్దితే ఆ రోజంతా గొంతు మంటే. గాలాడే చోట చేయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

డబ్బా ఆటోనగర్‌లో ఏ పెయింట్ షాపులోనైనా దొరికిద్ది, మొదటిసారికి చిన్నది చాలు, తయారీ తేదీ చూసి తీసుకోండి, పాతదైతే లోపల గట్టిపడి ఉంటది. ప్లాస్టిక్ బంపర్‌కి మాత్రం ఇది పనికిరాదు, వంగినప్పుడు లేచొచ్చేస్తది, బంపర్ పుట్టీ అని వేరే ఉంటది, అదే అడగండి.