సూపర్ స్కోర్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఆగండి

పిల్లలను డిగ్రీ చదువుకు అమెరికా పంపాలని, అక్కడి కళాశాలల ప్రవేశాలకు పనికొచ్చే శాట్ పరీక్ష రాయిస్తున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి మేము రెండు విడతల్లో 1,80,000 రూపాయలు కట్టాం. రసీదు మీద "శాట్ సూపర్ స్కోర్ ప్యాకేజీ, రెండు సిట్టింగులు" అని అచ్చు వేసి ఇచ్చారు. వాళ్ల పేరు రాయను. ఇదే పథకాన్ని వేరే పేర్లతో మరికొన్ని చోట్ల కూడా అమ్ముతున్నారని తర్వాత తెలిసింది. కాబట్టి సంస్థను కాదు, పథకాన్ని గుర్తుపట్టండి.

శాట్‌లో రెండు విభాగాలు ఉంటాయి. చదవడం, రాయడం కలిపి ఇంగ్లిష్ ఒకటి, గణితం ఒకటి. ఒక్కోదానికి 800, మొత్తం 1600. విద్యార్థి రెండు మూడుసార్లు రాస్తే, ఏ రోజు ఏ విభాగంలో ఎక్కువ వచ్చిందో చూసి, ఆ రెండు పెద్ద అంకెలనే చాలా కళాశాలలు కలుపుకుంటాయి. అదే సూపర్ స్కోర్. ఎంఐటీ, జార్జియా టెక్ లాంటివి ఈ పద్ధతినే పాటిస్తాయి. ఇంతవరకు కన్సల్టెన్సీ చెప్పింది నిజమే, అందుకే మేము నమ్మాం.

ఆ తర్వాత చెప్పిందే మమ్మల్ని ముంచింది. "మార్చిలో గణితం ఒక్కటే చదివించండి సార్, ఇంగ్లిష్‌ను పట్టించుకోవద్దు. ఆగస్టులో ఇంగ్లిష్ చదివిద్దాం, అప్పుడు గణితం ఎంత వచ్చినా పరవాలేదు. కళాశాలలకు కనిపించేది పెద్ద అంకెలే" అన్నారు కౌన్సెలర్ మేడమ్. మా అమ్మాయి చెప్పినట్టే చేసింది. మార్చిలో గణితం 780, ఇంగ్లిష్ 560, మొత్తం 1340. ఆగస్టులో గణితం 690, ఇంగ్లిష్ 700, మొత్తం 1390. కౌన్సెలర్ మేడమ్ ఎర్ర సిరాతో 780కీ 700కీ సున్నాలు చుట్టి, కింద 1480 అని రాసి, మిఠాయి డబ్బా చేతిలో పెట్టారు.

ఒక రాత్రి అమ్మాయి భోజనాల బల్ల దగ్గర కూర్చుని దరఖాస్తులు నింపుతోంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పేజీ చదువుతూ, "నాన్నా, వీళ్లు కలపరట" అంది. మొదట నాకు అర్థం కాలేదు. పక్కన కూర్చుని నేనూ చదివాను. ఒకే రోజు రాసిన పరీక్షలో వచ్చిన అత్యధిక మొత్తాన్నే వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు. అంటే అక్కడ మా అమ్మాయి స్కోరు 1480 కాదు, 1390. ఆ తొంభై మార్కులు ఎక్కడికి పోయాయని అది నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రే జాబితాలోని ఎనిమిది కళాశాలల పేజీలూ తెరిచి చూశాం. ఈ పని డబ్బు కట్టకముందే చేయాల్సింది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం, విద్యార్థి రాసిన ప్రతి పరీక్ష ఫలితమూ పంపాలంటుంది. నచ్చిన తేదీ మాత్రమే పంపి మిగిలింది దాచుకునే వీలు అక్కడ లేదు. అందులో వాళ్లు మెచ్చే అంకెలు ఏవైనా, కావాలని వదిలేసిన ఆ 560 కూడా ఫైలులోకి వెళ్తుంది. చదవకుండా రాయమని ఎవరో చెప్పారని ఆ ఫైలులో ఎక్కడా ఉండదు కదా. ఇక కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లు మా జాబితాలో మూడు. ప్రవేశాల కోసం వాళ్లు శాట్‌ను అసలు చూడరు. 2020లోనే దాన్ని పక్కన పెట్టడానికి నిర్ణయం తీసుకున్నారు. ఆ మూడింటికీ 1480 అయినా 1600 అయినా ఒకటే. అయినా ఆ జాబితా తయారు చేసిచ్చింది ఆ సూపర్ స్కోర్ ప్యాకేజీ అమ్మినవాళ్లే.

ఇంకో తప్పు కూడా జరిగింది, దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేను. శాట్‌కు నమోదు చేసుకున్నవాళ్లు నాలుగు కళాశాలలకు స్కోర్లు ఉచితంగా పంపుకోవచ్చు. ఆ పేర్లు పరీక్ష అయిన తొమ్మిది రోజుల్లోగా ఇవ్వాలి. ఫలితం వచ్చేది ఆ తర్వాతే. అంటే ఎంత వచ్చిందో తెలియకుండానే పంపుతున్నాం అన్నమాట. "ఉచితమే కదా సార్" అని మార్చిలోనే ఆ నాలుగు గడులూ నింపించారు. ఒక విభాగాన్ని గాలికొదిలేసి రాసిన పరీక్షను, కళ్లు మూసుకుని నాలుగు చోట్లకు పంపాం. అందులో రెండు కాలిఫోర్నియా క్యాంపస్‌లే. స్కోరు చూశాక నిర్ణయించుకునే హక్కు మనకు ఉన్నప్పుడు, ఉచితం అన్న మాటకు లొంగి దాన్ని వదులుకోకండి. ఇంకొక సంగతి, ఒక తేదీ స్కోరు పంపితే రెండు విభాగాలూ కలిసే వెళ్తాయి. గణితం మాత్రం పంపి ఇంగ్లిష్ ఆపుకుంటామంటే కుదరదు.

అసలు ఒక విభాగాన్ని వదిలేసి రాయడమే ఈ పరీక్షలో పెద్ద ప్రమాదం. ఇప్పుడు శాట్ కంప్యూటర్ మీద జరుగుతోంది. ప్రతి విభాగంలో రెండు భాగాలుంటాయి. ఇంగ్లిష్‌లో ఒక్కో భాగానికి 27 ప్రశ్నలు, 32 నిమిషాలు. గణితంలో 22 ప్రశ్నలు, 35 నిమిషాలు. మొదటి భాగం ఎలా రాశారన్న దాన్ని బట్టి రెండో భాగం కష్టంగానో తేలికగానో వస్తుంది. మొదటి భాగంలో తప్పులు ఎక్కువైతే తేలిక ప్రశ్నలొస్తాయి, కానీ వాటితో అందుకోగల స్కోరు కూడా తగ్గిపోతుంది. కాబట్టి "ఎంత వచ్చినా పరవాలేదు" అనుకుని కూర్చున్న పిల్లకు స్కోరు కాస్త తగ్గి ఊరుకోదు, బాగా కిందకు జారుతుంది. పోనీ మూడోసారి రాద్దామంటే, మన దేశం నుంచి ఒక్కో పరీక్షకు రుసుమే 100 డాలర్లు దాటుతుంది.

ఈ సంగతి చెబితే అట్లాంటా దగ్గర ఉండే మా తోడల్లుడు ఇంకొకటి చెప్పారు. అక్కడున్న తెలుగు కుటుంబాలకు ఇది పనికొస్తుంది. జార్జియా విశ్వవిద్యాలయం ప్రవేశాలకు వేర్వేరు తేదీల స్కోర్లను కలుపుతుంది. కానీ అదే రాష్ట్రంలో జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కు 1200 ఒకే పరీక్షలో రావాలి. 1180, 1190 చొప్పున రెండుసార్లు తెచ్చుకుని, కలిపితే 1220 అయిందని మూడోసారి రాయకుండా ఊరుకుంటే ఆ స్కాలర్‌షిప్‌కు ఆ 1220 చెల్లదు. ప్రవేశానికి ఒక నియమం, స్కాలర్‌షిప్‌కు మరో నియమం ఉండవచ్చు. రెండూ విడివిడిగా చూసుకోండి.

మేము డబ్బు వాపసు అడిగితే రసీదు వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం చూపించారు, ప్రవేశ విధానాలు కళాశాలల నిర్ణయమని. మూడో సిట్టింగుకు సగం ధరకే శిక్షణ ఇస్తామన్నారు. వద్దన్నాం. అమ్మాయి ఇంట్లోనే కొన్ని వారాలు రెండు విభాగాలూ సమానంగా చదివింది. శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డ్ ఉచితంగా ఇచ్చే బ్లూబుక్ యాప్‌లో మాదిరి పరీక్షలు రాసింది, తప్పు పోయిన ప్రతి ప్రశ్ననూ ఒక నోటుపుస్తకంలో ఎక్కించుకుంది. అక్టోబరులో గణితం 770, ఇంగ్లిష్ 690 వచ్చాయి. ఒకే రోజు, 1460. కలిపే చోట 1480, కలపని చోట 1460. మొదటిసారే ఇలా చదివించి ఉంటే బాగుండేది.

ఈ ప్యాకేజీ అమ్మడానికి మీ ఇంటికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మీ కళాశాలల జాబితా ముందు పెట్టండి. ప్రతి పేరు పక్కన మూడు విషయాలు రాయించండి: స్కోర్లు కలుపుతారా లేదా, అన్ని పరీక్షల ఫలితాలూ అడుగుతారా, అసలు శాట్ చూస్తారా. వాళ్లు రాసినదాన్ని ఆయా కళాశాలల ప్రవేశాల పేజీతో మీరే సరిచూసుకోండి, ఈ నియమాలు ఏటా మారుతుంటాయి. శాట్‌లో గణితం, అలాంటిదే మరో ప్రవేశ పరీక్ష అయిన ఏసీటీలో ఇంగ్లిష్ కలిపి చూపిస్తామని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చేయండి, రెండు వేర్వేరు పరీక్షల అంకెలను కళాశాలలు సాధారణంగా అలా కలపవు. ఇప్పటికే మొదటి విడత కట్టినవాళ్లు ఉంటే, ఆ కాగితం సంతకంతో చేతికి వచ్చేదాకా రెండో విడత కట్టకండి.