పెరిగిన నానో జర్నళ్లు: మన స్కాలర్‌కు ఏది మేలు?

నానో పదార్థాలకే, అంటే నానోమీటర్లలో (మీటరులో వందకోట్లవ వంతు) కొలిచే అతి సూక్ష్మ పదార్థాలకే, ప్రత్యేకించిన పరిశోధన జర్నల్ 1990లో 'నానోటెక్నాలజీ' పేరుతో బ్రిటన్‌లో మొదలైంది. తరువాత దాదాపు పదేళ్లపాటు ఈ రంగంలో పెద్ద సందడి లేదు. 2000లో అమెరికా జాతీయ నానోటెక్నాలజీ కార్యక్రమాన్ని ప్రకటించాక పరిస్థితి మారిపోయింది. 2001లో 'నానో లెటర్స్', 2005లో 'స్మాల్', 2006లో 'నేచర్ నానోటెక్నాలజీ', 2007లో 'ఏసీఎస్ నానో', 2009లో 'నానోస్కేల్' వెంటవెంటనే వచ్చాయి. మన ప్రభుత్వం కూడా 2007లో వెయ్యి కోట్ల రూపాయల నానో మిషన్‌ను చేపట్టింది. నిధులు వచ్చిన చోట పేపర్లు, పేపర్లు పోగైన చోట జర్నళ్లు పుట్టడంలో వింత లేదు. అయితే ఇవన్నీ ఒకే తీరున పెరగలేదు. తిరుపతిలో కూర్చుని పేపర్ రాసే స్కాలర్‌కు ఆ తేడా తెలియడం అవసరం.

మొదటి తీరు చందా జర్నళ్లది. చదివేవారు, అంటే వారి గ్రంథాలయాలు, డబ్బు కడతాయి. రాసినవారు ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే పద్ధతి) కోరుకుంటే తప్ప పైసా కట్టనక్కర లేదు. 1999లో మొదలైన 'జర్నల్ ఆఫ్ నానోపార్టికల్ రీసెర్చ్', ఇంగ్లండ్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ వారి 'నానోస్కేల్' ఈ కోవకు చెందినవి. రెండో తీరులో చదివేవారికి అంతా ఉచితం, ఖర్చు రాసినవారిది. 2011లో మొదలైన 'నానోమెటీరియల్స్' దీనికి మంచి ఉదాహరణ. మూడు నెలలకొక సంచికగా మొదలై, ఇప్పుడు నెలకు రెండు సంచికలు వేస్తోంది. మూడో తీరు అరుదైనది. జర్మనీలోని బైల్‌స్టైన్ సంస్థ 2010 నుంచి నడుపుతున్న 'బైల్‌స్టైన్ జర్నల్ ఆఫ్ నానోటెక్నాలజీ'లో రాసేవారూ చదివేవారూ ఏమీ కట్టరు, ఖర్చంతా ఆ సంస్థే భరిస్తుంది. అందుకే కాబోలు, అది చిన్నగానే ఉండిపోయింది.

ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే మన దగ్గర సగం నిర్ణయాలు అక్కడే తేలిపోతాయి. రెండో తీరు జర్నళ్లలో పేరున్నవాటి రుసుము రెండు వేల స్విస్ ఫ్రాంకులకు పైమాటే, అంటే మన డబ్బులో రెండు లక్షలు దాటుతుంది. పరిశోధక విద్యార్థులకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఒక్క పేపర్‌కు ఇంచుమించు ఆరు నెలల ఫెలోషిప్ ధారపోయాలన్నమాట. చందా జర్నల్‌లో వేస్తే మనవాళ్లకే చదవడానికి దొరకదన్న అభ్యంతరం నిన్నటిదాకా న్యాయమైనదే. 2025 జనవరిలో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అమలులోకి వచ్చాక ఆ అభ్యంతరం చాలావరకు బలహీనపడింది. మూడేళ్లకు ఆరు వేల కోట్లతో, ముప్పై ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లను ఆ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచింది. స్ప్రింగర్ నేచర్, వైలీ వంటి పెద్ద సంస్థలు అందులో ఉన్నాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలను కూడా దృష్టిలో పెట్టుకుని రూపొందించిన పథకమిది.

వేగంలో రెండో తీరు జర్నళ్లదే పైచేయి, అందులో సందేహం లేదు. థీసిస్ గడువు ముంచుకొస్తున్నప్పుడు మూడు వారాల్లో అంగీకార పత్రం వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. మా ల్యాబ్‌లో ఒక అబ్బాయి అలాగే ఒక జర్నల్‌కు రుసుము కట్టి పేపర్ వేయించాడు. పేపర్‌ను పరిశీలించిన నిపుణుడు, అంటే రివ్యూయర్, రాసింది ఒకే ఒక్క వాక్యం: భాష మెరుగుపరచాలి. అతడు థీసిస్ సమర్పించే నాటికి ఆ జర్నల్‌ను స్కోపస్ (గుర్తింపు ఉన్న జర్నళ్ల సూచీ) నుంచి తొలగించారు. రుసుము తీసుకునే జర్నళ్లన్నీ ఇలాంటివేనని అనడం అన్యాయం, వాటిలో నిక్కచ్చిగా పరిశీలించేవి ఉన్నాయి. కానీ పేపర్ల సంఖ్యే ఆదాయమైనప్పుడు తిరస్కరించే చెయ్యి వణుకుతుంది. ప్రత్యేక సంచికల మీద సంచికలు వేసి పెరిగిన హిందావీ సంస్థ 2023 ఒక్క ఏడాదిలో ఎనిమిది వేలకు పైగా పత్రాలను ఉపసంహరించుకోవలసి వచ్చింది.

నిదానంగా నడిచే పరిశీలన ఎంత పని చేయిస్తుందో మరో పేపర్ మాకు చూపించింది. ఎర్రచందనం ఆకు కషాయంతో వెండి నానో కణాలు తయారుచేశాం. ద్రావణం గోధుమ రంగుకు తిరిగింది, కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే వర్ణపటంలో వెండి కణాలకు గుర్తయిన శిఖరం 420 నానోమీటర్ల దగ్గర వచ్చింది, మేమూ సంతోషించాం. కణాల సగటు పరిమాణం 18 నానోమీటర్లని రాసి ఒక చందా జర్నల్‌కు పంపాం. రెండున్నర నెలల తరువాత వచ్చిన ప్రశ్నల్లో మొదటిది: ఎన్ని కణాలు కొలిచారు? మేము ఒక్క సూక్ష్మదర్శిని చిత్రంలో ముప్పై చిల్లర కొలిచాం. మళ్లీ కూర్చుని ఆరు చిత్రాల్లో రెండు వందలకు పైగా కొలిస్తే సగటు 24కు పెరిగింది, కణాల మధ్య తేడాలు మేమనుకున్నదానికన్నా చాలా ఎక్కువని తేలింది. పోల్చి చూడటానికి వెండి కలపని ఉత్త కషాయం వర్ణపటం ఎందుకు చూపలేదని రెండో ప్రశ్న. దానికి మా దగ్గర జవాబు లేదు, మళ్లీ ప్రయోగం చేశాం.

ఇక అందరూ ముందుగా చూసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. 2022, 2023లలో ఒక జర్నల్ వేసిన వాటికి 2024లో వచ్చిన ఉల్లేఖనలను (ఇతర పేపర్లు వాటిని ఉదహరించిన సార్లను) ఆ రెండేళ్ల పత్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే 2024 అంకె. సమీక్షా వ్యాసాలకు ఉల్లేఖనలు ఎక్కువ వస్తాయి కనుక వాటిని ఎక్కువగా వేసే జర్నల్ అంకె సహజంగానే పైకి పోతుంది. ఆ లెక్కలో నిదానంగా పండే పనికి చోటు తక్కువ. అందుకు సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. జింక్ ఆక్సైడ్ నానో కణాలు వేరుశనగ మీద, అంటే మన చెనక్కాయ మీద, ఎలా పనిచేస్తాయో తిరుపతి శాస్త్రవేత్తలు పరిశీలించారు. సుమారు 25 నానోమీటర్ల కణాలను 1000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) మోతాదులో వాడితే మొలక, మొక్క ఏపు మెరుగయ్యాయని, 2000 పీపీఎంకు పెంచితే ఎదుగుదల కుంటుపడిందని 2012లో ప్రచురించారు. ప్రపంచమంతటా పంటల మీద నానో కణాల గురించి రాసేవారు నేటికీ దాన్ని ఉదహరిస్తున్నారు. అది వెలువడింది ఏ నానో జర్నల్‌లోనూ కాదు, 'జర్నల్ ఆఫ్ ప్లాంట్ న్యూట్రిషన్'లో. రెండేళ్ల గడువు దాటాక వచ్చిన ఉల్లేఖనలేవీ ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లో చేరలేదు.

కాబట్టి పని ప్రధానంగా కణాల తయారీ, వాటి లక్షణాల గురించి అయితే నేను చందా జర్నల్‌కే మొదటి ఓటు వేస్తాను. అందరూ ఉచితంగా చదవాలన్న పట్టుదల ఉంటే బైల్‌స్టైన్‌ను ప్రయత్నించమంటాను. నేల, పంట, మందు వంటి ఉపయోగమే ప్రధానమైతే నానో అన్న పేరును పక్కనపెట్టి ఆ శాస్త్రపు జర్నల్‌నే చూడాలి. రుసుము జర్నల్‌కు వెళ్లడమంటే ప్రాజెక్టు నిధులు ఉండాలి, దాని పాత సంచికల్లోంచి నాలుగు పేపర్లు తీసి గైడ్ స్వయంగా చదివి ఉండాలి. స్కాలర్ సొంత ఫెలోషిప్‌లోంచి కట్టించడానికి మాత్రం నేను ఒప్పుకోను.