అందరికీ ఒకే శ్రుతి పెట్టని సంగీతం క్లాసు: కొన్నేళ్లుగా నేర్చుకుంటున్న నా సమీక్ష

నేను వెళ్తున్నది నల్లగొండ రామగిరి వైపు ఒక ఇంటి ముందుగదిలో నడిచే చిన్న కర్ణాటక సంగీతం క్లాసు. బయట బోర్డు కూడా ఉండదు. గురువుగారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆవిడకు ప్రచారం ఇష్టముండదు, ఉన్నవాళ్లకే సమయం చాలడం లేదు. అయినా ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. గొంతును చూసి, మనిషిని చూసి పాఠం మార్చి చెప్పేవాళ్లు ఎలా ఉంటారో తెలిస్తే, మీ ఊళ్లో మంచి గురువును వెతుక్కునేటప్పుడు పనికొస్తుంది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. వెనక బెంచీ దాకా వినపడాలి, కిటికీ బయట లారీల మోత, పక్క గదిలో ఇంకో తరగతి. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. సెలవుల్లో కూడా తేరుకోకపోయేసరికి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకున్నాను. స్వరతంతువుల మీద చిన్న బుడిపెలు మొదలవుతున్నాయన్నారు. గొంతు సమస్యలు ఎక్కువగా వచ్చే వృత్తుల్లో మా ఉపాధ్యాయ వృత్తి ముందు వరుసలో ఉంటుంది. అంతకు ముందు కొంతకాలం ఒక బృంద క్లాసుకు వెళ్లాను. అక్కడ పిల్లలకూ పెద్దలకూ అందరికీ ఐదున్నర శ్రుతే. శ్రుతి అంటే పాటకు ఆధారమైన స్వరం; అంకె పెరిగేకొద్దీ దాని ఎత్తు పెరుగుతుంది. తారస్థాయి షడ్జం, అంటే పై "స" దగ్గరికి వచ్చేసరికి మెడ నరాలు బిగుసుకునేవి. "గొంతు విప్పి పాడండి" అనేవారే తప్ప ఎలా విప్పాలో చెప్పినవాళ్లు లేరు.

ఇక్కడ మొదటి రోజు శ్రుతిపెట్టె మూత కూడా తీయలేదు. ముందు డాక్టరు రాసిన కాగితాలు చూశారు. రోజుకు ఎన్ని పీరియడ్లు, ఎంత నీళ్లు తాగుతాను, రాత్రి భోజనం ఎన్నింటికి, పొద్దున లేవగానే గొంతు ఎలా ఉంటుంది అని ఒక్కొక్కటే అడిగారు. ఆ తర్వాత, మామూలుగా మాట్లాడే గొంతుతోనే ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమన్నారు. నేను లెక్కపెడుతుంటే హార్మోనియం మీద మెల్లగా వెతుకుతూ వచ్చి, నా మాట ఏ మెట్టు దగ్గర ఆగుతోందో పట్టుకున్నారు. అక్కడినుంచి కాస్త పైకీ కిందికీ పాడించి, "అమ్మా, మీ గొంతు నాలుగు శ్రుతిలో హాయిగా ఉంది, ఇక్కడే మొదలుపెడదాం" అన్నారు. ఐదున్నర నుంచి నాలుగుకు అంటే హార్మోనియం మీద మూడే మెట్లు తేడా. పాడేవాళ్ల మెడకు మాత్రం అది చాలా పెద్ద తేడా.

మొదట్లో చాలా రోజులు, అందరికీ తొలి పాఠాలైన సరళీ వరుసల ఊసే లేదు. ఒక గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి, అందులో స్ట్రా ముంచి, "ఊ" అంటూ బుడగలు తెప్పించాలి. నీళ్లు చిందకూడదు, బుడగలు ఆగకూడదు, భుజాలు లేవకూడదు. నోటి దారి సన్నబడితే లోపల గాలి ఒత్తిడి కొద్దిగా వెనక్కి తిరిగి, స్వరతంతువులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండానే కంపిస్తాయట. ఆ మాటే ఆవిడ నా చేత చేయించి చూపించారు. ముందు "ఆ" అని పాడించి నా మెడ మీద నన్నే చెయ్యి పెట్టుకోమన్నారు. తర్వాత స్ట్రాతో అదే స్వరం. బిగువు వదిలిన సంగతి వేళ్లకే తెలిసింది. పెదవులు "బుర్ర్" మనిపించడం, నోరు మూసి "మ్" అనడం కూడా ఇలాంటివే. వేరే చోట్ల తొలి రోజు నుంచీ నోరారా అకార సాధన చేయిస్తారు. నా విషయంలో "మ్" నుంచి "ఊ"కు, "ఊ" నుంచి "ఓ"కు, ఆఖరున "ఆ"కు తీసుకువచ్చారు.

అలాగని సంప్రదాయాన్ని ఆవిడ పక్కన పెట్టలేదు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు అన్నీ ఉన్నాయి. పదహారో శతాబ్దంలో పురందరదాసు వేశారని చెప్పుకునే ఆ దారి మీద ఆవిడకు ఎంతో గౌరవం. మారేది ఎవరు ఎక్కడ అడుగుపెట్టాలి, ఎంత వేగం, ఎంత ఎత్తు అన్నదే. నేను చాలాకాలం మధ్యస్థాయి పంచమం, అంటే "ప" దాటలేదు. నాతోపాటు చేరిన కాలేజీ అమ్మాయి అప్పటికే మూడు కాలాలూ, అంటే మూడు వేగాల్లోనూ పాడేస్తోంది. ఆ అమ్మాయితో నన్ను ఆవిడ ఒక్కసారి కూడా పోల్చలేదు.

మా అబ్బాయి సంగతి చెబితే ఈ పద్ధతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఏడో తరగతిలో చేరినప్పుడు ఐదు శ్రుతిలో గలగలా పాడేవాడు. తర్వాత గొంతు మారడం మొదలైంది. ఆ వయసులో మగపిల్లలకు స్వరపేటిక పెరిగి, తంతువులు పొడవై మందమవుతాయి; గొంతు దాదాపు ఒక స్థాయి ("స" నుంచి కింది "స" దాకా) కిందికి దిగుతుంది. స్వరం ఎప్పుడు ఎటు జారుతుందో తెలియక పిల్లవాడు సిగ్గుతో పాట మానేస్తానన్నాడు. ఆవిడ మానమనలేదు, బలవంతమూ పెట్టలేదు. "నాన్నా, ఈ రోజు నీ గొంతు ఎక్కడుందో చూద్దాం" అని ప్రతి క్లాసూ అక్కడే మొదలుపెట్టేవారు. ఒకరోజు నాలుగు స్వరాలే పలికితే పాఠం ఆ నాలుగింటిలోనే. ఒక్కటీ సరిగా పలకని రోజున తాళం. చాపు తాళాలు, నడకలు, లయ లెక్కలు వాడికి బాగా వచ్చింది ఆ నెలల్లోనే. జీర వచ్చినప్పుడు గదిలో ఎవరూ నవ్వకూడదన్నది అక్కడ గట్టి నియమం. ఇప్పుడు రెండు శ్రుతిలో స్థిరపడ్డాడు. గొంతు మారే వయసులో అపస్వరమంటూ కసురుకుని పిల్లల్ని పాటకు దూరం చేసే పెద్దలను చూస్తే నాకు కోపం వస్తుంది.

క్లాసులో పానగల్లు నుంచి వచ్చే పెద్దావిడ ఒకరున్నారు. సరిగమలు వద్దు, బతుకమ్మ పాటలు ఆయాసం లేకుండా పాడితే చాలన్నారు. గురువుగారు ఆమెకు శ్రుతి ఇచ్చి పాడమనలేదు. "మీరు ఎత్తుకోండి పెద్దమ్మా" అని, ఆమె ఎత్తుకున్న చోటికి శ్రుతిపెట్టెను మార్చారు. తర్వాత చాలా రోజులకు, ఆ పాటలో ఉన్నవి ఏ స్వరాలో ఆమెకే పాడి వినిపించారు. నిజానికి పెద్దావిడ ఇబ్బంది శ్రుతిలో లేదు, ఊపిరిలో ఉంది. చప్పట్లు చరుస్తూ, వంగి లేస్తూ, గుండ్రంగా తిరుగుతూ పాడాలి కదా. చరణం చివర "ఉయ్యాలో" అని మిగతావాళ్లు అందుకునేటప్పుడు ఆమె కూడా వాళ్లతో కలిసి అరిచేవారట. అక్కడ ఆగి ఊపిరి తీసుకోమన్నారు. అదే పాఠం. ఇప్పుడు పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల నాటి నుంచి చివరి రోజు సద్దుల దాకా గొంతు పోకుండా పాడుతున్నారు.

పండుగ ముందు మా అందరికీ ఆవిడ మరో మాట తప్పకుండా చెబుతారు. పక్కన డీజే పెట్టెలు మోగుతుంటే మనకు తెలియకుండానే గొంతు పెంచేస్తాం, అది మనిషి స్వభావం. కాబట్టి ఆ పెట్టెలకు దూరంగా బతుకమ్మ పెట్టుకోండి, లేదా వాటిని ఆపించండి అంటారు. మా వీధిలో రెండోది సాధించాం.

నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న కుర్రవాడిది బాగా గరుకు గొంతు. దాన్ని నునుపు చేయమని అడిగితే, ఆవిడ ఆ జిల్లాకే చెందిన దర్శనం మొగులయ్య గారు కిన్నెర అనే తీగల వాద్యం మీద పాడే పాట వినిపించారు. 2022లో పద్మశ్రీ అందుకున్న ఆ పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడి గొంతులోని బలం ఎక్కడుందో విని చెప్పమన్నారు. కర్ణాటక సంగీతం క్లాసులో కిన్నెర పాటను పాఠంగా పెట్టిన గురువును నేను వేరే చూడలేదు.

దయ అంటే చూసీ చూడనట్లు వదిలేయడం అనుకుంటే పొరపాటు. శ్రుతి ఏ కొంచెం తప్పినా ఆపేస్తారు. విసుక్కోరు, కానీ ఆ స్వరం దాటనివ్వరు. జలుబు చేసి వెళ్తే పాడనివ్వరు, కూర్చుని విని వెళ్లమంటారు. గొంతు అలిసినప్పుడు గుసగుసగా మాట్లాడటం అసలే వద్దంటారు, అది కూడా గొంతుకు శ్రమేనని.

లోటుపాట్లు కూడా చెప్పాలి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం వల్ల ఫీజు బృంద క్లాసుల కంటే బాగా ఎక్కువ. ఖాళీ దొరకడం కష్టం. సర్టిఫికెట్ పరీక్షల సిలబస్ ఫలానా తేదీకి పూర్తి చేయాలనుకునేవాళ్లకు ఈ వేగం సరిపడదు. పోటీ వారంలో ఉందని కొత్త కీర్తన అడిగిన తల్లిదండ్రులను ఆవిడ వెనక్కి పంపడం నేను చూశాను. వానాకాలంలో ఫోనులో క్లాసు పెడతారు గానీ, శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడటం కుదరదు. ఆవిడ పాడి ఆపాలి, తర్వాత మనం పాడాలి. గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికే సొగసులు, సగం అక్కడే పోతాయి.

నా గొంతు విషయానికి వస్తే, తర్వాతి పరీక్షలో బుడిపెలు తగ్గాయని డాక్టరు చెప్పారు. అదంతా పాట వల్లే అనను. స్పీచ్ థెరపీకి వెళ్లాను, తరగతిలో చిన్న మైకు వాడుతున్నాను, మాటలూ తగ్గించాను. అయితే పాడటం ఆపేయకుండానే కోలుకోవచ్చన్న ధైర్యం మాత్రం ఈ క్లాసులోనే దొరికింది. గొంతు బాగా లేనివాళ్లు ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఏ సంగీతం గురువూ ఆ పని చేయలేరు, మా గురువుగారు చేయనని స్పష్టంగా చెబుతారు.

మీరు వేరే ఊళ్లో ఎవరి దగ్గరైనా చేరబోతుంటే, మొదటి రోజు మీ శ్రుతి ఎలా నిర్ణయిస్తున్నారో గమనించండి. మీ గొంతు వినకముందే అంకె చెప్పేస్తే ఇంకోచోట చూసుకోండి. ఇక్కడ నాకు మిగిలిన కొరత ఒకటే. విడివిడిగా నేర్చుకోవడంతో పదిమందితో కలిసి పాడే అలవాటు తక్కువవుతోంది. నెలకోసారి అందరినీ కూర్చోబెట్టమని గురువుగారిని అడుగుతున్నాను. ఇంతమంది గొంతులకు శ్రుతి ఎలా కుదర్చాలన్నది ఆవిడ ఇంకా ఆలోచిస్తున్నారు.