అమ్మకి ఇంటి దగ్గర ఓటు, నాకు బూత్‌లో బ్రెయిలీ: విశాఖలో మా అనుభవం

విశాఖలో చూపు లేనివాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు ఉన్న ఇళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మాది కంచరపాలెం వైపు. 2024 మే 13న అసెంబ్లీకి, లోక్‌సభకి కలిపి జరిగిన ఎన్నికల్లో ఎన్నికల సంఘం దివ్యాంగుల కోసం పెట్టిన సౌకర్యాలు మా ఇంట్లో ఇద్దరం వాడుకున్నాం. అమ్మ ఇంటి దగ్గరే ఓటేసింది. నేను దివ్యాంగ ఓటర్ల కోసం ఎన్నికల సంఘం తెచ్చిన సక్షమ్ యాప్‌లో సాయం కోరి బూత్‌కి వెళ్ళి వేశాను. నాకు చూపు లేదు.

నా ఓటు నేనే వేసుకోవాలని ఎందుకంత పట్టుబట్టానో ముందు చెప్పాలి. 2021 మార్చి 10న జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలకి బ్యాలెట్ కాగితం పెట్టారు. కాగితం మీద ఏ గుర్తు ఎక్కడుందో నాకు తెలిసే దారి లేదు. మా బావమరిది వచ్చి నా తరఫున ముద్ర వేశాడు. మంచివాడే, నేను చెప్పిన గుర్తుకే వేశాడని నమ్ముతున్నాను. కానీ నమ్మడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. పైగా నేను ఎవరికి వేశానో ఇంకో మనిషికి తెలిసిపోయింది. ఇంట్లో అందరి ఓటూ గుట్టుగా ఉండి, నా ఒక్కడిదే బయటపడడం నాకు చాలా బాధ కలిగించింది.

యాప్ సంగతి తొందరగా చెప్పేస్తాను. 2024లో ఫోన్ నంబరుకి వచ్చే ఓటీపీతో లాగిన్ అయి, ఓటరు కార్డు నంబరు ఇస్తే సరిపోయింది. ఓటరు జాబితాలో మనల్ని దివ్యాంగులుగా గుర్తించమని అడగడం, వీల్‌చైర్ కోరడం, బూత్ ఎక్కడో చూసుకోవడం అన్నీ అందులోనే ఉండేవి. నేను ఫోన్ తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఎవరి సాయం లేకుండా నింపుకున్నాను. యాప్ వాడనివాళ్ళు ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయొచ్చు, లేదా బీఎల్‌ఓకి (మన బూత్ ఓటరు జాబితా చూసే అధికారికి) ఫారం 8 ఇవ్వొచ్చు. యాప్‌లో అడిగాం కదా అని ఊరుకోకుండా బీఎల్‌ఓకి నోటితో కూడా చెప్పండి. ఎందుకో కింద చెప్తాను.

ఇక అమ్మ ఓటు. ఆవిడకి పక్షవాతం వచ్చాక కుడి చెయ్యి, కాలు పనిచేయవు. ఇంటి దగ్గర ఓటు 85 ఏళ్ళు దాటినవాళ్ళకే అని చాలామంది అనుకుంటున్నారు, మా వీధిలోనూ అదే మాట. వయసు తక్కువైనా, వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువని సర్టిఫికెట్ ఉంటే సరిపోతుంది. అమ్మకి వైకల్య శాతం చూపించే సదరం సర్టిఫికెట్ ముందే చేయించి ఉంచాం, అది ఇక్కడ బాగా పనికొచ్చింది. నింపాల్సింది ఫారం 12డి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపే ఇవ్వాలి. ఈ గడువు చాలా చిన్నది. సర్టిఫికెట్ జిరాక్స్ కోసం వెతుక్కునేలోపే అయిపోతుంది, కాబట్టి నోటిఫికేషన్‌కి ముందే కాగితాలు ఒక కవర్లో పెట్టుకోండి. ఇంకో మాట. 12డి ఆమోదించాక జాబితాలో మన పేరు పక్కన పోస్టల్ బ్యాలెట్ అని పడుతుంది. ఆ తర్వాత మనసు మార్చుకుని బూత్‌కి వెళ్తే ఓటు వేయనివ్వరు.

మా బీఎల్‌ఓ సచివాలయంలో పనిచేసే అమ్మాయి. ఫారం తనే తెచ్చింది, నింపించి తనే తీసుకెళ్ళింది. ఏ రోజు వస్తారో ముందే ఫోన్ చేసి చెప్పింది. చెప్పిన రోజున పోలింగ్ సిబ్బంది, వీడియో తీసే అబ్బాయి, ఒక పోలీసు వచ్చారు. అమ్మ మంచం మీద కూర్చునే ఉంది. ఆవిడ ఒళ్ళో ఒక పళ్ళెం బోర్లించి, దాని చుట్టూ అట్ట నిలబెట్టి, అందరూ పక్కకి జరిగారు. వీడియో అబ్బాయిని కూడా అటు తిరగమన్నారు. "మామ్మగారూ, తొందర లేదు, నెమ్మదిగా పెట్టండి" అని ఆఫీసరు అంటున్నారు. పెన్ను ఎడమ చేత్తో పట్టుకుని కాగితం మీద గుర్తు పెట్టడానికి అమ్మకి చాలాసేపు పట్టింది. ఒకసారి పెన్ను జారి నేల మీద పడిన చప్పుడు నాకు వినపడింది. చెల్లెలు తీయబోతే ఆఫీసరు ఆగమని, తనే తీసి అమ్మ చేతికిచ్చారు. రెండు ఎన్నికలకి రెండు కాగితాలు. ఆవిడే మడిచి కవర్లో పెట్టింది. అంటించడం మాత్రం చేతకాక సిబ్బంది సాయం తీసుకుంది. ఆ రోజు వచ్చినవాళ్ళ మర్యాదకి నేను ఎన్ని మార్కులైనా వేస్తాను.

బూత్‌లో నా అనుభవం అంత సాఫీగా సాగలేదు. ఉదయం ఏడింటికే వెళ్ళాం. మే నెల ఉక్క మొదలైపోయింది, అప్పటికే క్యూ పెద్దది. గుమ్మం దగ్గర వాలంటీర్లుగా ఉన్న కాలేజీ పిల్లలు నన్ను చూసి నేరుగా లోపలికి తీసుకెళ్ళారు. క్యూలో ఉన్నవాళ్ళు ఒక్కరూ విసుక్కోలేదు. లోపల టేబుల్ దగ్గర మాత్రం మొదటి ప్రశ్న "తోడు ఎవరూ రాలేదా?" అనే వచ్చింది. నేనే వేసుకుంటాను, బ్రెయిలీ షీట్ (వేలితో తడిమి చదువుకునే చుక్కల లిపి కాగితం) ఇవ్వండి అన్నాను. అలాంటిది రాలేదన్నారు. నేను యాప్‌లో అడిగిన సంగతి కూడా వాళ్ళదాకా చేరలేదు. వచ్చి ఉంటుంది, సామాన్ల సంచిలో ఒకసారి చూడండి అని నిలబడ్డాను. చూస్తే ఒక కవర్లో దొరికింది.

సిబ్బందిని తిట్టడానికి ఇది రాయడం లేదు, ముందు రాత్రి నుంచి నిద్ర లేకుండా పనిచేస్తున్నారు. కానీ అడగడం తెలియని మనిషి అయితే ఆ షీట్ ఆ సంచిలోనే ఉండిపోయేది. ఎన్నికల నిర్వహణ నియమాల్లోని రూల్ 49ఎన్ ప్రకారం చూపు లేనివాళ్ళు 18 ఏళ్ళు నిండిన ఒకరిని తోడు తీసుకెళ్ళవచ్చు. ఆ మనిషి అదే రోజు ఇంకెవరికీ తోడు వెళ్ళకూడదు, ఓటు గుట్టు బయటపెట్టనని రాసివ్వాలి. ఆ తోడు మనకిచ్చిన వెసులుబాటు మాత్రమే. తోడు లేనిదే లోపలికి రాకూడదని ఎక్కడా లేదు.

షీట్ మీద అభ్యర్థుల పేర్లు, వరుస నంబర్లు బ్రెయిలీలో ఉన్నాయి. నాకు కావలసిన నంబరు చూసుకుని లోపలికి వెళ్ళాను. ఈవీఎం మీద ప్రతి బటన్ పక్కన చుక్కల్లో నంబరు ఉంటుంది, వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్తే తెలిసిపోతుంది. ఒక్కో యూనిట్‌కి 16 బటన్లే కాబట్టి, లోక్‌సభకి అభ్యర్థులు ఎక్కువైన మన విశాఖలో యూనిట్లు పక్కపక్కనే పెట్టారు. ఏది అసెంబ్లీది, ఏది లోక్‌సభది, ఏది మొదటిదో బయటే అడిగి తెలుసుకుని వెళ్ళండి. నొక్కాను, బీప్ వచ్చింది. రెండోసారీ వచ్చింది. ఆ ఓటు ఎవరికి వేశానో మా ఆవిడకి కూడా తెలియదు, నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఒక లోటు మాత్రం అలాగే ఉంది. ఓటు ఎవరికి పడిందో చీటీ మీద అచ్చువేసి చూపించే వీవీప్యాట్ యంత్రంలో ఆ చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనపడి పడిపోతుంది. చూపున్నవాళ్ళు తమ ఓటు సరిగ్గా పడిందో లేదో దానితో సరిచూసుకుంటారు. మాకు ఆ వీలు లేదు. అందులో పేరు చదివి వినిపించే హెడ్‌ఫోన్ పెట్టాలని గట్టిగా అడుగుతున్నాను.

ర్యాంపు గురించి కూడా. మా పక్కింటి బావగారు వీల్‌చైర్‌లో వచ్చారు. గుమ్మం రెండు మెట్ల ఎత్తు, ర్యాంపు చూస్తే పొట్టిది. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. అంత లేకపోవడంతో ఇద్దరు పిల్లలు వెనక నుంచి పట్టుకుని ఎక్కించారు. దిగేటప్పుడు ఆయన భయపడ్డారు. పోలింగ్ కేంద్రాలన్నీ మనకి అందుబాటులో ఉండేలా చూడాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ చెప్తోంది. కాబట్టి పోలింగ్‌కి వారం ముందే ఇంట్లోవాళ్ళని పంపి మీ బూత్ ర్యాంపు చూసిరమ్మనండి. పొట్టిగా ఉంటే ఫోటో తీసి బీఎల్‌ఓకి పంపి, 1950లో కూడా ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికి సరిచేసే టైమ్ ఉంటుంది.