డీబగ్‌ఎఫ్‌ఎస్ తీసేసినా పనిచేసే డైనమిక్ డీబగ్: చాన్నాళ్లు వాడాక నా మాట

డైనమిక్ డీబగ్ అంటే లినక్స్ కెర్నల్ కోడ్‌లోని డీబగ్ సందేశాలని, కెర్నల్ నడుస్తుండగానే, కావలసినవి లాగ్‌లో పడేలా చేసే సదుపాయం. నేను చెప్పేదల్లా దాని కంట్రోల్ ఫైలు గురించే, అంటే ఏ సందేశాలు కావాలో రాసే ఫైలు. 2020లో వచ్చిన 5.7 కెర్నల్ నుంచి ఆ ఫైలు డీబగ్‌ఎఫ్‌ఎస్‌తో (డీబగ్ సమాచారం కోసం కెర్నల్ చూపించే ఫైల్ సిస్టమ్) పాటు ప్రాక్ (/proc) కింద కూడా ఉంటోంది. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ పెట్టిన చిన్న ప్యాచ్ అది. చూస్తే ఏముంది, అదే ఫైలు ఇంకో చోట! కానీ నాకు ఈ మధ్య కెర్నల్లో ఇంతగా పనికొచ్చిన మార్పు ఇంకోటి లేదు.

పాత 4.19 కెర్నల్ నడిచే బోర్డుల మీద పనిచేసినవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. కస్టమర్‌కి వెళ్లే బిల్డ్‌లో డీబగ్‌ఎఫ్‌ఎస్ ఉండకూడదని సెక్యూరిటీ వాళ్లు పట్టుబడతారు. వాళ్లని తప్పుపట్టలేం, ఏ డ్రైవర్ అందులో ఏం బయటపెడుతుందో ఎవరికీ లెక్కలేదు. అయితే కాన్ఫిగ్‌లో డైనమిక్ డీబగ్‌ని దానికి ముడిపెట్టారు కాబట్టి అది తీస్తే ఇదీ పోయేది. నిజానికి ఈ రెండింటికీ ఉన్న సంబంధమల్లా ఒక్క ఫైలు పెట్టుకోవడానికి చోటు, అంతే.

ఆ ముడి విప్పడం వల్ల ఎంత మేలు జరిగిందో నాకు ఒక టచ్ ప్యానెల్ దగ్గర తెలిసొచ్చింది. డెవలప్‌మెంట్ బిల్డ్‌లో టచ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, ప్రొడక్షన్ బిల్డ్‌లో అసలు లేదు. లాగ్‌లో ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఐ2సీ బస్సు (బోర్డు మీద చిప్‌లని కలిపే లైను) మీద చిప్ జవాబిస్తోంది. డ్రైవర్ ఉంది, డివైస్ ఉంది, రెండూ బైండ్ కావడం లేదు, అంటే జతపడటం లేదు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డివైస్‌లని, డ్రైవర్లని ఫైళ్లుగా చూపించే చోటు) బైండ్ ఫైలుకి చేత్తో రాస్తే ‘నో సచ్ డివైస్’ అంటుంది. డివైస్ పేరు తప్పు కొట్టినా అదే మాట కాబట్టి దాంతో తేలేదేమీ లేదు. హార్డ్‌వేర్ వాళ్లు ఫ్లెక్స్ కేబుల్ మార్చి చూద్దామంటున్నారు. పక్కన రిలీజ్ టెన్షన్.

కెర్నల్ మళ్లీ బిల్డ్ చేయకుండా, అదే బోర్డు మీద, ప్రాక్‌లోని కంట్రోల్ ఫైలుకి ‘ఫైల్ డీడీ డాట్ సీ ప్లస్ పీ’ (డ్రైవర్‌ని డివైస్‌తో జతచేసే dd.c ఫైల్లోని డీబగ్ సందేశాలు చూపించు అని) ఎకో చేసి మళ్లీ బైండ్ కొట్టాను. లాగ్‌లో కావలసిన లైను పడింది: ప్రోబ్ (డివైస్‌ని సిద్ధం చేసే డ్రైవర్ ఫంక్షన్) రిజెక్ట్స్ మ్యాచ్, మైనస్ 19. అంటే ఈనోడెవ్, ‘నో సచ్ డివైస్’ ఎర్రర్ కోడ్. ఈ కోడ్ వస్తే ‘ఇది నా డివైస్ కాదు’ అని డ్రైవర్ చెబుతున్నట్టు లెక్క. అందుకని డ్రైవర్ కోర్ దాన్ని ఎర్రర్‌గా చూపించదు, డీబగ్ లెవెల్లో రాసి ఊరుకుంటుంది. లాగ్ కిక్కురుమనకపోవడానికి కారణం ఇదీ.

మరి ఆ మైనస్ 19 ఎక్కడిది? వెండర్ ఇచ్చిన సోర్సు తీస్తే, ప్రోబ్ చివర్లో ఏవో టచ్ లెక్కలు చూపించడానికి డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక డైరెక్టరీ చేస్తున్నారు. అది రాకపోతే ప్రోబ్ మొత్తాన్నే ఫెయిల్ చేసి బయటికొచ్చేస్తున్నారు. డీబగ్‌ఎఫ్‌ఎస్ లేకుండా కంపైల్ చేస్తే ఆ ఫంక్షన్ ఉత్త స్టబ్ (లోపల పనేమీ లేని డొల్ల), ఎప్పుడు పిలిచినా ఈనోడెవ్వే ఇస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే! ఆ చెక్ తీసేశాం, టచ్ వచ్చింది. డీబగ్‌ఎఫ్‌ఎస్ ఫంక్షన్ల రిటర్న్ వాల్యూ చూడొద్దు, అవి పనిచేసినా చేయకపోయినా డ్రైవర్ నడక మారకూడదు అన్నది అప్‌స్ట్రీమ్‌లో, అంటే అసలు లినక్స్ కెర్నల్ రాసేవాళ్లలో, తెలిసిన నియమమే. 2019 ప్రాంతంలో ఇలాంటి చెక్‌లని వెతికి వెతికి తీసేశారు కూడా. వెండర్ ట్రీలకి (కంపెనీలు పెట్టుకునే సొంత కెర్నల్ కోడ్) ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇంతా చెప్పి, పైన అన్నదాంట్లో కొంత తగ్గించాలి. బూట్ పరామీటర్‌గా డిన్‌డీబీజీ (dyndbg) ఇచ్చినా అదే లైను వచ్చేది, దానికి ఏ ఫైలూ అక్కర్లేదు. మా బోర్డులో కమాండ్ లైన్ సంతకం చేసిన ఇమేజ్‌లో భాగం, మార్చలేం కాబట్టి నాకు ఫైలే దిక్కైంది. పైగా డైనమిక్ డీబగ్ ఆప్షన్ ఊరికే రాదు, కెర్నల్ టెక్స్ట్ (కోడ్ సైజు) సుమారు 2 శాతం పెరుగుతుందని కాన్ఫిగ్ హెల్ప్‌లోనే రాసుంది. ఫ్లాష్ తక్కువున్న ఇంకో ప్రొడక్ట్‌లో అందుకే తీసేశాం. కోర్ ఆప్షన్ ఒక్కటే పెట్టి కావలసిన మాడ్యూళ్లకి మాత్రం కలుపుకోవచ్చు. కానీ రేపు డీడీ డాట్ సీ అవసరం పడుతుందని ఇవాళే ఎవరికి తెలుస్తుంది?

ఇంకో అసంతృప్తి కూడా ఉంది. ట్రేసింగ్ (కెర్నల్ లోపల ఏం జరిగిందో నమోదు చేసేది) 2015లోనే, 4.1 కెర్నల్లో, ట్రేస్‌ఎఫ్‌ఎస్‌గా విడిపోయింది. తర్వాత డైనమిక్ డీబగ్ విడిపోయింది. డిఫర్ అయిన (ప్రోబ్ వాయిదా పడ్డ) డివైస్‌ల జాబితా, క్లాక్ సమ్మరీ, రెగ్యులేటర్ సమ్మరీ మాత్రం ఇంకా డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోనే ఉన్నాయి. ప్రొడక్షన్ బోర్డు మీద అవి చూడాలంటే ఇప్పటికీ వేరే బిల్డ్ వేయాల్సిందే.

సర్వర్లూ ల్యాప్‌టాప్‌ల మీద పనిచేసేవాళ్లకి డీబగ్‌ఎఫ్‌ఎస్ ఎలాగూ మౌంటయ్యే ఉంటుంది, ఈ తేడా తెలియకపోవచ్చు. కన్సోల్ కూడా సరిగ్గా అందని, లాక్ చేసిన బోర్డులతో నాలా కుస్తీ పట్టేవాళ్లయితే 2 శాతం పోయినా పెట్టుకోమనే అంటాను. రెండు దారులూ ఒకే ఫైలుకి వెళ్తాయి కాబట్టి మా స్క్రిప్టులన్నిట్లో పాత దారి తీసేసి ప్రాక్ దారే పెట్టాం, డెవలప్‌మెంట్ బిల్డ్‌లతో సహా.