జాంబీ కామెడీ డీవీడీ కొంటున్నారా? నేను ఒకే సినిమాని రెండుసార్లు కొన్నాను, మీరు జాగ్రత్త

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళు, ముఖ్యంగా హాలోవీన్‌కి నలుగురినీ ఇంటికి పిలిచి హారర్ కామెడీ వేసుకునే అలవాటున్నవాళ్ళు, దయచేసి ఇది చదివాక కొనండి. పోయిన అక్టోబరులో నేను తక్కువ బడ్జెట్ బ్రిటిష్ జాంబీ కామెడీ ఒకటి 9 పౌండ్లు పెట్టి కొన్నాను. రెండు వారాల తర్వాత అదే సినిమాని ఇంకో పేరుతో, ఇంకో అట్టతో 7 పౌండ్లకి మళ్ళీ కొన్నాను. రెండుసార్లూ నన్ను కొనిపించినవి ప్రేక్షకుల రివ్యూలే.

మా ఇంట్లో అందరికీ ‘జాంబీ రెడ్డి’ అంటే ఇష్టం. కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలోకి జాంబీలని తెచ్చి ప్రశాంత్ వర్మ 2021లో చేసిన ఆ సందడి మావాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అలాంటిదే ఇక్కడిది ఏదైనా చూపించమని అక్కావాళ్ళు అడిగారు. బ్రిటిష్ జాంబీ కామెడీల్లో బాగా పేరున్న ‘షాన్ ఆఫ్ ద డెడ్’ అందరూ చూసేశారు. కొత్తది వెతుకుతుంటే ఇది కనిపించింది. నాలుగున్నర నక్షత్రాలు. అట్ట మీద కాలిపోతున్న వంతెన, ఎర్ర డబుల్ డెక్కర్ బస్సు, దాని చుట్టూ వందల జాంబీలు. పైన ‘షాన్ ఆఫ్ ద డెడ్’తో పోల్చి ఒక పొగడ్త ఉంది, అది అన్నది ఎవరో మాత్రం రాయలేదు.

సినిమాలో వంతెనా లేదు, బస్సూ లేదు. మొత్తం కథ ఒక పొలంలోని కొట్టంలోనే నడుస్తుంది. నేను లెక్కపెట్టాను, జాంబీలు తొమ్మిదిమంది. అదైనా సర్దుకోవచ్చు, మాటలే వినపడవు. గాలి హోరు మధ్య హీరో ఏదో అంటాడు, పక్కవాడు నవ్వుతాడు, మనకేం అర్థం కాదు. సౌండ్ పెంచితే వెంటనే వచ్చే అరుపుకి గుండె ఆగినంత పనైంది. అరగంటకే బావగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

బడ్జెట్ తక్కువని నేను ఈ పోస్టు రాయడం లేదు. ‘కోలిన్’ సినిమాకి ఖర్చు 45 పౌండ్లేనని దాని దర్శకుడు మార్క్ ప్రైస్ చెప్పాడు. అది కామెడీ కాదు, కథంతా జాంబీ వైపు నుంచే నడుస్తుంది. 2009లో కాన్ చిత్రోత్సవంలో సినిమాలు కొనీ అమ్మే మార్కెట్ దాకా వెళ్ళింది. 2012లో వచ్చిన ‘కాక్నీస్ వర్సెస్ జాంబీస్’లో ఈస్ట్ లండన్ వృద్ధాశ్రమం సీను ఒకటుంది. నడక ఫ్రేము పట్టుకుని రిచర్డ్ బ్రయర్స్ మెల్లగా అడుగులేస్తుంటాడు, వెనక నుంచి అంతే మెల్లగా జాంబీ వస్తుంటుంది. ఎవరూ పరుగెత్తలేని ఛేజింగ్ అది! మా ఇంట్లో కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఐడియా ఉంటే డబ్బు లేకపోయినా జనం క్షమిస్తారు. లేని వంతెనని అట్ట మీద వేసి అమ్మితే మాత్రం క్షమించలేం.

సినిమా అయ్యాక రివ్యూలన్నీ మళ్ళీ మొదటినుంచి చదివాను. అసలు సంగతి అక్కడుంది. ఐదు నక్షత్రాలవి దాదాపు అన్నీ విడుదలైన వారంలోనే పడ్డాయి. కథ గురించి ఒక్క ముక్క ఉండదు. మా ఊరిని తెర మీద చూసుకుని గర్వపడ్డామని ఒకరు, ఎంత కష్టపడి తీశారో మాకు తెలుసని ఇంకొకరు. ఇలాంటి సినిమాల్లో జాంబీలుగా వేసేవాళ్ళు చాలాసార్లు జీతం లేకుండా వచ్చిన స్నేహితులు, చుట్టుపక్కలవాళ్ళు. చలిలో రాత్రంతా రంగు పూసుకుని నిలబడ్డ మనిషికి ఆ సినిమా మీద ప్రేమ ఉండటం సహజం. కానీ నేను ఇందులో పనిచేశాను, లేదా నా తమ్ముడు నటించాడు అని ఒక్క మాట రాయాలి కదా. డబ్బు పెట్టేవాడికి ఆ తేడా తెలియాలి. నకిలీ రివ్యూలు రాయించడం 2025 ఏప్రిల్ 6 నుంచి బ్రిటన్‌లో చట్టవిరుద్ధం. కానీ అభిమానంతో రాసినదాన్నీ, రాయించినదాన్నీ విడదీయడం అంత తేలిక కాదు.

ఒక్క నక్షత్రం రివ్యూలూ పెద్దగా పనికిరాలేదు. వాటిలో సగం ‘28 డేస్ లేటర్’ లాంటి భయం కోసం వచ్చి, కామెడీ చూసి కోపం తెచ్చుకున్నవాళ్ళవి. నిజం చెప్పింది మూడు నక్షత్రాల వాళ్ళే. ఆడియో బాగోలేదని, మొదటి 40 నిమిషాలు ఏమీ జరగదని, అత్తగారి జోకు ఐదుసార్లు వస్తుందని శుభ్రంగా రాశారు. నేను ముందే వాటిని చదివి ఉంటే సరిపోయేది. ట్రైలర్ కూడా చెవిపెట్టి వినండి. ట్రైలరంతా సంగీతమే ఉండి ఒక్క డైలాగూ పూర్తిగా వినిపించకపోతే నేనైతే ఇక కొనను.

రెండో డిస్కు ఇంటికి వచ్చాక వెనక చూస్తే అదే దర్శకుడు, అవే పేర్లు, అవే నిమిషాలు. సీలు తీయలేదు కాబట్టి బతికిపోయాను. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని 14 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు, కానీ డీవీడీ సీలు తీస్తే ఆ హక్కు పోతుంది. రెండోదానికి డబ్బు వచ్చింది. మొదటిది సీలు తీశానని అమ్మినవాళ్ళు ఒప్పుకోలేదు. సరుకు వర్ణించినట్టు ఉండాలని 2015 వినియోగదారుల హక్కుల చట్టంలో ఉంది, దాని కింద అట్ట ఫోటో జతచేసి మళ్ళీ రాశాను. మూడు వారాలైంది, జవాబు లేదు. వినియోగదారులకి ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ వాళ్ళకి కూడా ఫిర్యాదు చేశాను. ఫోన్‌లోనో టీవీలోనో అద్దెకి తీసుకునేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సినిమా వెంటనే మొదలుపెట్టడానికి మీరు ఒప్పుకుని ప్లే నొక్కితే ఆ 14 రోజుల హక్కు ఉండదు.

ఇంకో మాట. కామెడీ అని ఉంది కదా అని పిల్లల్ని కూర్చోబెట్టకండి. తొమ్మిదేళ్ళ మా మేనల్లుడు పేగులు లాగే సీను చూసి ఆ రాత్రి నిద్రపోలేదు, ఆ తప్పు నాదే. ‘షాన్ ఆఫ్ ద డెడ్’కి కూడా ఇక్కడ 15 సర్టిఫికెటే ఇచ్చారు, అంటే పదిహేనేళ్ళు నిండినవాళ్ళకే. హైదరాబాదులో ఉన్న వాళ్ళకి పంపుదామనుకుంటే రీజియన్, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే నంబరు, చూసుకోండి. ఇక్కడి డీవీడీలు రీజియన్ 2, మన దేశానివి రీజియన్ 5, అక్కడి ప్లేయర్‌లో ఆడకపోవచ్చు.

సినిమా పేరు రాయమని ఇప్పటికే ఇద్దరు అడిగారు. రెండు పేర్లు మార్చినవాళ్ళు మూడోది పెట్టరని నమ్మకం లేదు, అందుకే పేరు కన్నా గుర్తులు చెబుతున్నాను. మొదటి అట్ట మీద కాలుతున్న వంతెన, ఎర్ర బస్సు. రెండోదాని మీద హెలికాప్టర్, చేతిలో రంపంతో నర్సు. సినిమాలో హెలికాప్టరూ లేదు, నర్సూ లేదు. ఈ బొమ్మలు కనిపిస్తే ముందు వెనకవైపు తిప్పి, కథ కొట్టంలో జరుగుతుందని ఉందేమో చూడండి.